టేబుల్ మారిస్తే సరిపోదు: తెలుగు, ఒడియా పేర్లు ఎందుకు ప్రశ్నార్థకాలవుతున్నాయి?

స్క్రీన్ మీద: కస్టమర్ల లిస్టు. ఫోన్ నంబర్లు బాగానే ఉన్నాయి, పేర్ల గడుల్లో మాత్రం వరసగా ప్రశ్నార్థకాలు.

నమస్తే అండి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు షాపులకీ స్కూళ్లకీ సాఫ్ట్‌వేర్ పెట్టేవాళ్లకి ఈ తెర కొత్తేం కాదు. పేరు తెలుగులోనో ఒడియాలోనో కొడతాం, సేవ్ నొక్కుతాం, రిపోర్ట్ తీస్తే ఇదిగో ఇలా వస్తుంది. వెంటనే ఓనర్ ఫోను, "తమ్ముడూ, నా ఖాతాలన్నీ ఏమైపోయాయి?" అని. ఇక టెన్షన్ మనది.

దీనికి మూలం చాలాసార్లు సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇచ్చే గైడులోనే ఉంటుంది. నా ముందున్నదాని కంపెనీ పేరు చెప్పను, ఇలాంటివి బోలెడు. డేటాబేస్ కనెక్షన్ పేజీలో చెప్పింది రెండే ముక్కలు: మైఎస్‌క్యూఎల్‌లో (డేటా దాచే సాఫ్ట్‌వేర్) టేబుల్‌ని యుటిఎఫ్8 (తెలుగు లాంటి అక్షరాలు దాచే పద్ధతి) చేసుకోండి, కనెక్షన్‌లో ఏమీ ముట్టుకోకండి. మొదటిది సగం నిజం. రెండోది శుద్ధ తప్పు.

టేబుల్‌కి ఒక చార్‌సెట్, అంటే అక్షరాల్ని ఏ బైట్లుగా (కంప్యూటర్ దాచుకునే అంకెలుగా) రాయాలో చెప్పే పద్ధతి, ఉన్నట్టే కనెక్షన్‌కీ ఒకటి ఉంటుంది. గుణుపురం సంతలో సవర రైతుకీ తెలుగు షావుకారుకీ మధ్య దుబాసీ ఉంటాడే, కనెక్షన్ పని అదే; ఇద్దరూ సరిగ్గానే మాట్లాడినా మధ్యవాడు తప్పు చెబితే బేరం చెడుతుంది. ప్రోగ్రామ్ రాసే భాష పీహెచ్‌పీలో మనం ఏమీ చెప్పకపోతే సర్వర్ డిఫాల్ట్ ఏదైతే అదే కనెక్షన్‌కీ వచ్చేస్తుంది. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి ఆ డిఫాల్ట్ యుటిఎఫ్8ఎంబి4, అంటే అక్షరానికి 4 బైట్ల వరకు పట్టే యుటిఎఫ్8. అంతకుముందు లాటిన్1, అది ఇంగ్లిష్ తరహా అక్షరాలకే. అందుకే మీ ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచింది షాపులో పాత సర్వర్ మీద చెడిపోతుంది, తప్పేమో పాపం కీబోర్డు మీదకో ఫాంటు మీదకో పోతుంది.

మరి గైడు రాసినవాళ్లు టెస్ట్ చేయలేదా? చేసే ఉంటారు, అసలు తమాషా అక్కడే ఉంది. ప్రోగ్రామ్ 'త' అనే అక్షరాన్ని 3 బైట్లుగా పంపుతుంది. కనెక్షన్ లాటిన్1 అయితే మైఎస్‌క్యూఎల్ వాటిని 3 వేరువేరు ఇంగ్లిష్ తరహా అక్షరాలనుకుని, ఒక్కోదాన్నీ మళ్లీ యుటిఎఫ్8లోకి మార్చి దాచుకుంటుంది. తిరిగి చదివేటప్పుడు అదే తప్పు వెనక్కి జరుగుతుంది కాబట్టి తెర మీద 'త' చక్కగా కనిపిస్తుంది. ఎవరికీ అనుమానం రాదు. ఏడాది తర్వాత ఎవరో సరైన చార్‌సెట్‌తో ఇంకో రిపోర్ట్ టూల్ కలిపితే అప్పుడు బయటపడుతుంది, నెత్తిన గీతున్న చిన్న ఏ, పక్కన డిగ్రీ గుర్తు, ఆ వెనక ఇంకేదో పిచ్చి గుర్తు. ఈలోగా ఇంకో నష్టం కూడా జరుగుతూనే ఉంటుంది: 'సీతారామ్' అంటే గుణింతాలు, పొల్లు కలిపి యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే పట్టిక) లెక్కలో 8, ఇలా దాచితే 24 అవుతుంది, పేరు గడికి 20 అక్షరాలే ఇచ్చి ఉంటే అంతే సంగతులు.

స్క్రీన్ మీద: హెక్స్ ఫంక్షన్‌తో పేరు గడిని చదివిన ఫలితం, దగ్గరగా.

కాబట్టి తెరని నమ్మొద్దు, బైట్లు చూడండి. సెలెక్ట్‌లో పేరు కాలమ్ చుట్టూ హెక్స్ అని పెట్టండి, అది దాచిన బైట్లనే చూపిస్తుంది. 'త'కి ఈ0 బీ0 ఏ4 వచ్చిందా, డేటా క్షేమం, తెర మీద ప్రశ్నార్థకం కనిపిస్తున్నా సరే, చదివే కనెక్షన్‌దే తప్పు. సీ3 ఏ0 సీ2 బీ0 సీ2 ఏ4 వచ్చిందా, ఇప్పుడు చెప్పిన రెండుసార్లు మార్పిడి వ్యవహారం. 3ఎఫ్ వచ్చిందా, నిజంగానే ప్రశ్నార్థకమే దాచుకుంది, అక్షరం పోయింది, బ్యాకప్ ఉంటే తప్ప తిరిగి రాదు. ఒడియా అక్షరాలైతే ఈ0 ఏసీ గానీ ఈ0 ఏడీ గానీ ముందు వస్తాయి.

రెండోరకం బాగవుతుంది. కాలమ్‌ని లాటిన్1కి మార్చి, దాన్ని బైనరీగా తీసుకుని, మళ్లీ యుటిఎఫ్8ఎంబి4గా చదివించాలి. కానీ బ్యాకప్ తీసి, కాపీ మీద చేయండి, అదీ చెడిన వరసలకే. బాగున్న తెలుగు వరస మీద ఇదే నడిపితే అది కాస్తా 3ఎఫ్ అయిపోతుంది!

ఇక గైడులో ఆ సగం నిజం సంగతి. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నాళ్లూ యుటిఎఫ్8 అంటే అక్షరానికి 3 బైట్ల వరకే. తెలుగుకీ ఒడియాకీ అది చాలు, కాబట్టి ఎంబి4 లేకపోవడం వల్లే తెలుగు రావట్లేదని కొందరు చెప్పేది కూడా తప్పే. అయినా ఎంబి4 ఎందుకు పెట్టాలి అంటే అందరూ ఎమోజీ అంటారు. మన గజపతి, రాయగడ జిల్లాల్లో అంతకంటే మంచి కారణం ఉంది. 1936లో మంగేయి గొమాంగో సవర భాష కోసం చేసిన సొరాంగ్ సొంపెంగ్ లిపి, యూనికోడ్‌లో ఉంది, అక్షరానికి 4 బైట్లు. ఆ లిపిలో పేరు రాస్తే పాత యుటిఎఫ్8 టేబుల్ స్ట్రిక్ట్ మోడ్‌లో (తప్పు డేటాని ఒప్పుకోని సెట్టింగ్) 1366 ఎర్రర్ ఇచ్చి తీసుకోనంటుంది.

మరి గైడు పేజీ ఎలా ఉండాలి? పీడీఓ, మైఎస్‌క్యూఎల్‌ఐ అనేవి పీహెచ్‌పీని డేటాబేస్‌కి కలిపే లైబ్రరీలు. పీడీఓ వాడితే కనెక్షన్ లైన్‌లోనే చార్‌సెట్ యుటిఎఫ్8ఎంబి4 అని రాయాలి. మైఎస్‌క్యూఎల్‌ఐ వాడితే కనెక్ట్ అవగానే సెట్ చార్‌సెట్ ఫంక్షన్ పిలవాలి. పాత గైడ్లలో సెట్ నేమ్స్ అనే క్వెరీ నడపమని ఉంటుంది, పీహెచ్‌పీ 5.3.6 కంటే ముందు పీడీఓ లైన్‌లో చార్‌సెట్ రాసినా పట్టించుకునేది కాదు, అప్పటి సలహా అది, ఇప్పటికీ కాపీ కొడుతూనే ఉన్నారు. ఆ క్వెరీ సంగతి సర్వర్‌కి తెలుస్తుంది గానీ పీహెచ్‌పీ లైబ్రరీకి తెలియదు, అందుకే పీహెచ్‌పీ మాన్యువల్ కూడా వద్దంటుంది.

కంపెనీకి మెయిల్ పెట్టేటప్పుడు "మీ గైడు తప్పు" అని ఊరుకోకండి, ఎవరూ కదలరు. సర్వర్ వెర్షన్, షో వేరియబుల్స్‌లో క్యారెక్టర్ సెట్ అని మొదలయ్యే లైన్లు, ఒక తెలుగు పేరు, ఒక ఒడియా పేరు, ఒక సవర అక్షరం, మూడింటి హెక్స్ పెట్టండి. సొరాంగ్ సొంపెంగ్ మొదటి అక్షరానికి ఎఫ్0 91 83 90 రావాలి. పేజీలో మార్చాల్సిన వాక్యం కూడా మీరే రాసి ఇచ్చేయండి, వాళ్లకి అతికించే పనే మిగులుతుంది.