కాలి బొటనవేళ్లు ఎవరు కట్టారు?

అందరికీ నమస్కారం.

మా అమ్మ చాలాకాలం ఊళ్లో వాళ్లకు నా గురించి "అమెరికాలో కౌంటీ ఆఫీసులో పని" అని చెప్పేది. అబద్ధమేం కాదు. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది, నాకు జీతమిచ్చేది వాళ్లే. ఏం పనమ్మా అని ఎవరైనా గుచ్చి అడిగితే మాత్రం "అదే, కాగితాల పని" అని మాట మార్చేసేది. ఈమధ్య ధైర్యం తెచ్చుకుని "చచ్చిపోయినవాళ్ల దగ్గరికెళ్లి రాసుకొస్తుంది" అని చెప్పిందట. నా ఉద్యోగం గురించి ఇంతకంటే బాగా నేను కూడా చెప్పలేను.

హోదా పేరు డెత్ ఇన్వెస్టిగేటర్. అందులో నాది అన్నిటికంటే కింది మెట్టు. నేను డాక్టర్ని కాదు, పోలీసునీ కాదు. పోస్ట్‌మార్టం చేసేది ఫోరెన్సిక్ పెథాలజిస్టు. ఆయన మార్చురీలోనే ఉంటారు, చాలా కేసుల్లో ఆ ఇంటికి రారు. ఇంట్లో శవం ఏ గదిలో ఉంది, ఎలా ఉంది, ఫ్యాన్ తిరుగుతోందా, పక్కన ఏ మందులున్నాయి, ఇవన్నీ మేం రాసిచ్చినదాన్ని బట్టే ఆయనకు తెలియాలి.

మన దగ్గర ఈ పని పోలీసులది. శవ పంచనామా అన్న మాట మీకందరికీ తెలుసు. పెళ్లయిన 7 ఏళ్లలోపు ఆడపిల్ల అనుమానాస్పదంగా చనిపోతే తహసీల్దారు వచ్చి రాయించడం కూడా కొందరు చూసే ఉంటారు. ఇక్కడ రాష్ట్రానికో పద్ధతి. 1194లో ఇంగ్లండ్ రాజుగారి పనుల కోసం పుట్టిన కరోనర్ పదవి, అంటే చావుకు కారణం తేల్చే అధికారి పదవి, సముద్రం దాటి వచ్చి ఇప్పటికీ బతికే ఉంది. ఒహాయోలో కరోనర్ ఎన్నికల్లో గెలవాలి, పైగా డాక్టరై ఉండాలి. పెన్సిల్వేనియాలో గెలిస్తే చాలు, డాక్టరు కానక్కర్లేదు. కాలిఫోర్నియాలో చాలా కౌంటీల్లో షెరీఫే, అంటే కౌంటీ పోలీసు పెద్దే, కరోనర్. మసాచుసెట్స్ మాత్రం 1877లోనే కరోనర్ పదవినే వదిలించుకుని, డాక్టర్లను మెడికల్ ఎగ్జామినర్లుగా పెట్టుకుంది. చావుకు కారణం తేల్చే మనిషికి ఓట్లేసి గెలిపిస్తారంటే మా నాన్న ఇప్పటికీ నమ్మడు.

కొత్తగా చేరినవాళ్లకు ఎక్కువ పని ఫోన్ దగ్గరే, అదీ రాత్రి షిఫ్టుల్లో. ఆస్పత్రుల నుంచి, పోలీసుల నుంచి కాల్స్ వస్తుంటాయి. చాలా వాటికి మేం వెళ్లం. పాత జబ్బుంది, చూసే డాక్టరున్నాడు, ఆయన సర్టిఫికెట్ మీద సంతకం పెడతాడు అంటే నంబరేసి వదిలేస్తాం. ఏది వదలాలో ఏది వదలకూడదో తెలుసుకోవడమే మొదటి ఆర్నెల్ల చదువు. నన్ను బోల్తా కొట్టించింది తుంటి ఎముక. 85 ఏళ్ల ముసలావిడ, న్యుమోనియాతో పోయింది. సహజ మరణమే కదా అని వదలబోయాను. మా సీనియర్ పక్కనుంచి "ఎందుకు మంచం పట్టిందో అడుగు" అన్నాడు. మూడు వారాల కింద వంటింట్లో జారిపడి తుంటి విరిగింది, అప్పట్నుంచీ మంచంలోనే. అంటే అది యాక్సిడెంట్, మా కేసే. చావు ఎలా వచ్చింది అన్నదానికి మా ఫారంలో ఉన్నవి ఐదే గళ్లు: సహజం, ప్రమాదం, ఆత్మహత్య, హత్య, తేలలేదు. అందరూ ఆ ఐదింటిలోనే ఇమడాలి.

ఇంటికి వెళ్లినప్పుడు చుట్టుపక్కల స్థలం పోలీసులది, శవం మాది. మేం వచ్చేదాకా ఎవరూ కదపకూడదు. ముందు దూరం నుంచి ఫొటోలు, తర్వాత దగ్గర్నుంచి. ఒళ్లు ఎంత బిగుసుకుంది, నెత్తురు కిందికి దిగి చర్మం ఎక్కడ కమిలింది, ఆ కమిలిన చోటు శవం పడున్న తీరుతో సరిపోతోందా అని చూస్తాం. ఆ తర్వాత ఇల్లు. పోస్ట్ డబ్బాలో ఎన్నాళ్ల ఉత్తరాలున్నాయి, పాల ప్యాకెట్ మీద తేదీ ఎంత. ఒంటి మీది వస్తువులు రాసేటప్పుడు బంగారం అని రాయకూడదు, "పసుపు రంగు లోహం" అనాలి. అది బంగారమో కాదో నేను తేల్చలేను కదా. మంగళసూత్రాన్ని "పసుపు రంగు లోహపు గొలుసు, నల్లపూసలు" అని రాసిన రోజు ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను.

అన్నిటికంటే కష్టమైంది ఇంట్లోవాళ్లకు చెప్పడం. ఫోన్లో చెప్పడం మాకు ఆఖరి దారి, వీలైతే తలుపు కొట్టాలి. మొదటిసారి నేను మాట్లాడాల్సి వచ్చినప్పుడు, చదువుకున్న భారతీయులందరిలాగే, "హి ఈజ్ నో మోర్" అన్నాను. ఆ అమెరికన్ ఆవిడ నన్ను వింతగా చూసి "నో మోర్ వాట్?" అంది. ఇక ఏం లేడు, అంటే ఉద్యోగంలో లేడా, ఊళ్లో లేడా? రెండోసారి చెప్పడానికి నాకు నోరు రాలేదు, మా సీనియరే చెప్పాడు. "డెడ్" అనే మాట వాడి తీరాలని మాకు నేర్పుతారు. మెత్తటి మాట వాడితే వాళ్లు ఏ ఆస్పత్రి అని అడుగుతారు, కారు తాళాలు వెతుక్కుంటారు. మనకేమో పోయారు, కాలం చేశారు, దాటిపోయారు, కన్నుమూశారు అని ఎన్ని మాటలో! చచ్చిపోయాడు అంటే తిట్టులా ఉంటుంది. నేను ఇప్పటికీ కారులో ఒకసారి ఆ మాట పైకి అనుకునే దిగుతాను.

ఇక బొటనవేళ్ల సంగతి. ఎవరూ గుర్తుపట్టకుండా కొంచెం మార్చి చెబుతాను.

అది నా రెండో నెల. మనవాళ్లిల్లే. ఆర్నెల్లు ఉండి వెళదామని కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దాయన తెల్లవారుజామున పడిపోయారు. 911 అంబులెన్సు వాళ్లు వచ్చారు, లాభం లేకపోయింది. ఇక్కడ ఆయన్ని చూసే డాక్టరంటూ లేడు, సంతకం పెట్టేవాళ్లు లేరు, కాబట్టి మేం వెళ్లాం. చూసేసరికి హాల్లో తల దక్షిణం వైపు తిప్పి పడుకోబెట్టారు. తల దగ్గర స్టీలు గిన్నెలో దీపం. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి గుడ్డపీలికతో కట్టేశారు.

మా సీనియర్ ఆ కట్టు దగ్గర ఆగిపోయాడు. శవానికి ఏదైనా కట్టి ఉందంటే ముందు అనుమానించడమే అతని ఇరవయ్యేళ్ల అలవాటు. మా ఆచారం అండీ అని నేను గబగబా చెప్పబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు చెప్పకు, వాళ్లను అడుగు."

అడిగాను. "ఇది ఎవరు కట్టారండీ, ఎప్పుడు కట్టారు?"

కొడుకు నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. "మీరు తెలుగువాళ్లే కదా, మీకు తెలియదా?"

"తెలుసండీ. కానీ మీరు చెబితేనే నేను రాయాలి."

ఆంటీగారు గోడకు ఆనుకుని కూర్చున్నారు. "నేనే కట్టాను తల్లీ," అన్నారు. "నా పాత చీర చింపి. అంబులెన్సు వాళ్లు చేతులెత్తేయగానే కట్టాను. ఇంకా వెచ్చగానే ఉన్నారు."

ఆ మాటల్ని ఇంగ్లిషులో ఉన్నదున్నట్టు రాశాను. ఒళ్లు వెచ్చగా ఉందన్నది మాకు పనికొచ్చే ముక్కే, టైము తేలుతుంది. రాస్తూ మాత్రం ఆవిడ మొహంలోకి చూడలేదు.

తర్వాత మందులు. ఇక్కడ సీసా మీద పేరు, తేదీ, ఎన్ని బిళ్లలిచ్చారో అన్నీ ఉంటాయి. మిగిలినవి లెక్కపెడితే వేసుకుంటున్నారో లేదో తెలిసిపోతుంది. మనవి రేకు షీట్లు. బిస్కెట్ డబ్బాలో రబ్బరు బ్యాండ్ వేసి ఇచ్చారు. మా సీనియర్‌కు అర్థం కాలేదు, డబ్బా నా చేతిలో పెట్టాడు. బీపీ మాత్రలు. షీట్లో కొన్ని గుంటల్లో సగం ముక్కలున్నాయి, విరిచి మళ్లీ అందులోనే పెట్టి రేకు మూసినట్టు. వచ్చేటప్పుడు మూడు నెలలకే తెచ్చుకున్నారట. ఇక్కడ కొంటే బోలెడవుతుందని, కొడుక్కి చెప్పొద్దని, రోజుకు సగమే వేసుకుంటున్నారు. ఆ సంగతి ఆంటీగారు చెప్తుంటే కొడుకు నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

మిగిలిన మాత్రలు ఎన్ని అని ఫారంలో ఒక గడి ఉంటుంది. పదకొండున్నర అని రాశాను.