మూల మలుపులో నలిగే లోహం

శ్రోతలకు నమస్కారం.

కనిగిరి వైపు కొలిమి దగ్గర నాగటి కర్రు సాగగొట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. సమ్మెట దెబ్బలు పడేకొద్దీ ఇనుము పొడవు సాగి పలచబడుతుంది. ఎర్రగా కాల్చకుండా చల్లగా ఉన్నప్పుడే లోహాన్ని నలిపితే గట్టిపడుతుంది కూడా. కానీ నలిపినకొద్దీ మందం తరిగిపోతుంది కదా, అదే ఇబ్బంది.

1970లలో అప్పటి సోవియట్ యూనియన్‌లోని మిన్స్క్‌ నగరంలో వ్లదిమీర్ సెగల్ అనే శాస్త్రవేత్త, మందం తరగకుండా లోహాన్ని నలిపే దారి చూపాడు. గట్టి ఉక్కు డైలో, అంటే అచ్చు దిమ్మెలో, ఇంగ్లిషు ఎల్ అక్షరంలా తిరిగే కన్నం ఉంటుంది. ఆ మూలకు ముందూ తర్వాతా కన్నం కొలత ఒక్కటే. కడ్డీని ప్రెస్సుతో నెడితే, మలుపు దగ్గర లోహం పేకముక్కల దొంతరలా ఏటవాలుగా జారుతుంది. బయటికొచ్చిన కడ్డీ అదే లావు. కాబట్టి మళ్లీ అందులోనే పెట్టొచ్చు! 90 డిగ్రీల మూలలో నాలుగుసార్లు దాటిన కడ్డీ ఎంత నలుగుతుందో, రోలర్ల కింద అంత నలగాలంటే 10 మిల్లీమీటర్ల పట్టీ 0.2 మిల్లీమీటర్ల రేకైపోవాలి.

లోపల జరిగేది ఇంకా బాగుంటుంది. లోహమంతా చిన్న చిన్న రేణువులు. మన పెన్నా కింది మాగాణిలో కయ్యకూ కయ్యకూ మధ్య గట్టున్నట్టు, రేణువుల మధ్య హద్దులుంటాయి. పరమాణువుల వరుసల్లోని లోపాలు కదలడం వల్లే లోహం వంగుతుంది, ఆ కదలికకు గట్లు అడ్డుపడతాయి. ఈ జారుడుకు ఆ లోపాలు వేలంవెర్రిగా పెరిగి, చిక్కుపడి, గోడలు కట్టి, కొత్త గట్లవుతాయి. స్వచ్ఛమైన అల్యూమినియంలో రేణువు చివరికి సుమారు ఒక మైక్రాన్‌కు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు దిగుతుంది. రేణువు నాలుగో వంతుకు తగ్గితే గట్ల వల్ల వచ్చే బలం రెట్టింపవుతుంది.

పనిలోకి వస్తే, ముందు కడ్డీని కాల్చి మెత్తబరచాలి. రాపిడి తగ్గించే మాలిబ్డినం డైసల్ఫైడ్ పూత దండిగా పూయాలి. నెట్టడం సెకనుకు కొద్ది మిల్లీమీటర్లు చాలు. ప్రతిసారీ కడ్డీని ఒకే వైపుకు 90 డిగ్రీలు తిప్పి పెడితే జారుడు గీతలు అన్ని వైపులనుంచీ కోసుకుని రేణువులు సమంగా వస్తాయి. ముందు కడ్డీ మలుపులోనే ఆగుతుంది, వెనకది వచ్చి దాన్ని తోస్తుంది. కొసలు మాత్రం ఏటవాలుగా మిగులుతాయి, వాటిని కోసేయాల్సిందే.

డై రెండు సగాల బోల్టులు వదులైతే లోహం సందులోకి పలచగా పాకి పట్టేస్తుంది. అప్పుడు ఇంకా బలంగా నెడితే, కడ్డీని తోసే ప్రెస్సు కాడే వంగిపోతుంది. మెగ్నీషియాన్ని చల్లగా తోస్తే పగుళ్లిస్తుంది, దాని స్ఫటికాల్లో జారే దారులు తక్కువ. అందుకే దాన్ని 200 డిగ్రీల సెల్సియస్ పైకి వేడిచేసి నెడతారు.

రాగికి ఈ పద్ధతి మరీ నప్పుతుంది. వేరే లోహం కలపకుండానే గట్టిపడుతుంది గనుక కరెంటు దాదాపు మునుపటిలాగే పారుతుంది. అయితే సాగే గుణం కొంత తగ్గుతుంది. వేడి తగిలితే రేణువులు మళ్లీ పెరుగుతాయి. వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన పడ్డ కష్టమంతా పోతుంది, అందుకే ఇలాంటి ముక్కల్ని బోల్టుతోనో రివెట్‌తోనో బిగించడమే మేలు.