పండగ భోజనానికి ఏం పట్టుకెళ్దాం? ముందురోజు పులుసు, మర్నాడు పులిహోర

వ్యాఖ్యాత: నమస్కారం మాస్టారూ. చుట్టాలింట్లో పండగ భోజనం. "నువ్వో ఐటమ్ తీసుకురా" అన్నారు. తెల్లారితే ప్రయాణం. ముందురోజే చేసి పెట్టుకోవాలంటే ఏది మేలు?

వంటమాస్టరు: వంటకం పేరు తర్వాతమ్మా, ముందు ఆ ఇంటివాళ్ళకి ఫోన్ చేయాలి. ఉల్లి, వెల్లుల్లి వేయొచ్చా అని అడగాలి. మడి కట్టుకునే ఇళ్ళల్లో బయటినుంచి వచ్చినదాన్ని నైవేద్యానికి పెట్టరు, విస్తట్లో వడ్డిస్తారు. అందులో నొచ్చుకోవాల్సింది ఏమీ లేదు. ఇక పండగపూట వాళ్ళ పొయ్యి ఖాళీగా ఉండదు. "కాస్త వేడిచేసుకుంటాను" అంటూ మనం వంటింట్లో దూరకూడదు. అందుకని చల్లారినా రుచి తగ్గనిది, కొన్ని గంటలు నానితే ఇంకా బాగుండేది పట్టుకెళ్ళాలి.

వ్యాఖ్యాత: అయితే వేపుళ్ళు పనికిరావన్నమాట.

వంటమాస్టరు: పనికిరావు. బెండకాయైనా దొండకాయైనా మూతపెట్టిన డబ్బాలో దాని ఆవిరికి అదే మెత్తబడిపోతుంది. కొబ్బరి పచ్చడి ఎండల్లో మధ్యాహ్నానికే వాసన తిరుగుతుంది. నిమ్మకాయ పులిహోర సులువే, కానీ అది అప్పటికప్పుడు తినేది. నిలవుంటే నిమ్మ వాసన పోయి చేదు తగులుతుంది. గోంగూర పచ్చడి మర్నాటికి చాలా బాగుంటుంది గానీ పిల్లలు ముట్టరు. నన్నడిగితే చింతపండు పులిహోర, లేదంటే ఆవడలు.

వ్యాఖ్యాత: పులిహోర రాత్రే కలిపేసి పెట్టుకోవచ్చా?

వంటమాస్టరు: వద్దు. అందరూ ఇక్కడే పొరబడతారు. రాత్రి చేయాల్సింది పులుసు ఒక్కటే. అన్నం పొద్దున్నే వండాలి. కలిపిన పులిహోర ఫ్రిజ్‌లో పెడితే మెతుకు గట్టిపడి రవ్వలా తగులుతుంది. బయట వదిలేస్తే ఇంకో ప్రమాదం. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, అవి ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే పెరుగుతాయి. అప్పుడు వాంతులు తెప్పించే విషం తయారవుతుంది, అది మళ్ళీ వేడిచేసినా పోదు. చింతపండు పులుపు వాటిని కొంత అడ్డుకుంటుంది కానీ ఆ ధీమాతో రాత్రంతా బయట ఉంచకూడదు.

వ్యాఖ్యాత: సరే, కొలతలు చెప్పండి.

వంటమాస్టరు: పది పదార్థాల మధ్య వడ్డించేది కాబట్టి కిలో బియ్యం ఇరవైమందికి సరిపోతుంది. దానికి గింజలు, పీచు తీసిన చింతపండు 150 గ్రాములు. కొత్త చింతపండైతే రంగు తేటగా వస్తుంది, పాతదైతే నల్లగా దిగుతుంది. అరలీటరు వేడినీళ్ళలో అరగంట నానబెట్టి చిక్కగా పిండండి. మందపాటి స్టీలు గిన్నెలో 100 మిల్లీలీటర్ల నువ్వులనూనె వేసి, చీల్చిన పచ్చిమిర్చి పన్నెండు, కరివేపాకు, చెంచా పసుపు వేయండి. తర్వాత చింతపండు గుజ్జు, ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల ఉప్పు, చిన్న బెల్లం ముక్క. సన్నని మంట మీద ఉడకనివ్వాలి.

వ్యాఖ్యాత: ఎంతసేపు?

వంటమాస్టరు: పాతిక నిమిషాలు పట్టొచ్చు, కానీ గడియారం చూడకండి, గిన్నె చూడండి. నూనె పైకి తేలాలి, గరిటెతో అడుగున గీత గీస్తే వెంటనే మూసుకోకూడదు. నీళ్ళగా ఉండగానే దించేస్తే పచ్చివాసన పోదు, అన్నం ముద్దవుతుంది, పులుసు కూడా నిలవుండదు. ఇనప మూకుడు వాడొద్దు, నల్లబడుతుంది. కళాయి లేని ఇత్తడి, ఉత్త అల్యూమినియం అసలే వద్దు, పులుపు లోహాన్ని తినేస్తుంది. చల్లారాక గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేయండి.

వ్యాఖ్యాత: పొద్దున్న అన్నం సంగతి?

వంటమాస్టరు: పాత సోనామసూరి అయితే గ్లాసు బియ్యానికి గ్లాసుముప్పావు నీళ్ళు. కొత్త బియ్యమైతే గ్లాసున్నర చాలు. ఓ చెంచా నూనె వేసి కుక్కర్‌లో రెండు కూతలు రానివ్వండి. ఆవిరి దిగగానే మూత తీసి వెడల్పాటి పళ్ళెంలో పరిచేయాలి. కుక్కర్‌లోనే వదిలేస్తే అడుగు మెతుకులు చిదుగుతాయి. పొగలు వస్తుండగానే చెంచా పసుపు, 50 మిల్లీలీటర్ల నువ్వులనూనె, పచ్చి కరివేపాకు రెండు రెమ్మలు వేసేయండి. ఆ వేడికి కరివేపాకు మగ్గి వచ్చే వాసన పోపులో రాదు. ఫ్యాను కింద గోరువెచ్చన అయ్యేదాకా ఆగాలి. వేడి మీద కలిపితే మెతుకు విరిగిపోతుంది.

వ్యాఖ్యాత: పులుసు మొత్తం ఒకేసారి వేసేయొచ్చా?

వంటమాస్టరు: ముప్పావు వంతు వేసి చేత్తో తేలిగ్గా కలిపి, పది నిమిషాలాగి రుచి చూడండి. అన్నం పులుపునీ ఉప్పునీ పీల్చుకుంటూనే ఉంటుంది. అందుకని కలిపినప్పుడు నాలుకకి కాస్త ఎక్కువనిపించాలి, భోజనం వేళకి సరిగ్గా దిగుతుంది. మిగతా పులుసు, ఇంకో టేబుల్‌స్పూను దాకా ఉప్పు ఆ రుచిని బట్టే. గోదావరి జిల్లాల పద్ధతిలో ఆవ కూడా పెట్టాలనుకుంటే రెండు చెంచాల ఆవాలు, మూడు ఎండుమిర్చి, చిన్న అల్లం ముక్క, కాస్త ఉప్పు చన్నీళ్ళతో నూరండి. ఆవాలు తడి తగిలి నలిగాకే ఘాటు పుడుతుంది, వేడి తగిలితే చచ్చిపోతుంది. అందుకే అన్నం పూర్తిగా చల్లారాక కలపాలి. మిక్సీ ఆపకుండా తిప్పితే వేడెక్కి చేదొస్తుంది, ఆపి ఆపి తిప్పండి.

వ్యాఖ్యాత: వేరుశనగపప్పులు అక్కడికి వెళ్ళేసరికి మెత్తబడిపోతుంటాయి కదా?

వంటమాస్టరు: అన్నంలో తడికి మెత్తబడక ఏమవుతాయి! 150 గ్రాముల పల్లీలు, నాలుగు టేబుల్‌స్పూన్ల శనగపప్పు, రెండు టేబుల్‌స్పూన్ల మినపప్పు, ఎండుమిర్చి, ఇంగువ పోపు వేయించి, నూనె వడగట్టేయండి. ఆ నూనె అన్నంలో కలపండి. పప్పులు పూర్తిగా చల్లారాక చిన్న డబ్బాలో విడిగా పట్టుకెళ్ళి, వడ్డించే ముందు చల్లుకోండి. వేడిగా ఉండగా మూత పెడితే ఆ ఆవిరికే మెత్తబడతాయి. పులిహోరకి కూడా అంతే, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి.

వ్యాఖ్యాత: అమెరికాలో ఉన్నవాళ్ళు దసరా పాట్‌లక్‌లకి, అంటే తలో వంటకం తెచ్చుకునే భోజనాలకి, అల్యూమినియం ఫాయిల్ ట్రేలలో పట్టుకెళ్తారు.

వంటమాస్టరు: చింతపండుకి ఆ ట్రే సరిపడదు. అడుగున అరిటాకో బేకింగ్ కాగితమో పరవాలి, లేదా స్టీలు డబ్బాలో పట్టుకెళ్ళాలి. అక్కడి వ్యవసాయ శాఖ వండిన పదార్థాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దంటుంది. కాబట్టి పొద్దున్న వీలైనంత ఆలస్యంగా కలపండి. దారి దూరమైతే అన్నం, పులుసు విడివిడిగా పట్టుకెళ్ళి అక్కడే కలపడం ఇంకా మంచిది, దానికి పొయ్యి అక్కర్లేదు. ఆ అన్నం కూడా చల్లార్చి, ఐసు పెట్టిన పెట్టెలో పట్టుకెళ్ళాలి.

వ్యాఖ్యాత: ఆవడలైతే రాత్రే పూర్తయిపోతాయి కదా?

వంటమాస్టరు: అదే వాటి సుఖం, ఫ్రిజ్‌లో నానినకొద్దీ బాగుంటాయి. పాతిక వడలకి పావుకిలో మినపగుళ్ళు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్ళు చిలకరిస్తూ రుబ్బాలి. చిటికెడు పిండి నీళ్ళలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకా గిలక్కొట్టాలి, లేకపోతే వడలు రాళ్ళే. ఉప్పు వేసేవేళకి నూనె కాగి ఉండాలి. ముందే వేస్తే పిండి జారిపోయి నూనె పీలుస్తుంది. బియ్యప్పిండి కలపొద్దు, అది కరకరకి పనికొస్తుంది, పెరుగు పీల్చదు.

వ్యాఖ్యాత: నీళ్ళలో ముంచాలా?

వంటమాస్టరు: వేయించగానే గోరువెచ్చటి నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి, అరచేతుల మధ్య మెల్లిగా ఒత్తి పెరుగులో వేయాలి. లీటరు కమ్మటి పెరుగులో 150 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన పాలు కలపండి, తెల్లారేసరికి పులవకుండా ఉంటుంది. వడలు పీల్చుకున్నాక గిన్నెలో పెరుగు తగ్గిపోతుంది. అందుకని పావులీటరు పెరుగు విడిగా పట్టుకెళ్ళి వడ్డించే ముందు పైన పోయండి. అల్లం పచ్చిమిర్చి ముద్ద రాత్రే కలిపేయొచ్చు. పోపు చల్లారినదే వేసుకోవాలి. కొత్తిమీర మాత్రం అక్కడికెళ్ళాకే.

వ్యాఖ్యాత: మరి ఎండాకాలం, ఐదారు గంటల బస్సు ప్రయాణమైతే?

వంటమాస్టరు: అప్పుడు ఆవడల జోలికెళ్ళొద్దు, ఐసు లేకుండా పెరుగు అంతసేపు ఆగదు. పులుసు సీసా, వేయించిన పోపు పెట్టిన డబ్బా పట్టుకెళ్ళండి. "మీరు వండే అన్నంలోనే ఓ కిలో బియ్యం ఎక్కువ పోయండి" అని ముందురోజే ఫోన్లో చెప్పేయండి.