జిల్లా పేపర్లో ప్రకటనలు: ఆషాఢం సేలు నుంచి బ్యాంకు వేలం దాకా

(తెరపై: టేబుల్ మీద పరిచిన జిల్లా పేపరు. కెమెరా వార్తల మీద ఆగకుండా ప్రకటనల మీదుగా కదులుతుంది.)

అందరికీ నమస్కారం. పొద్దున్నే పేపరు రాగానే మెయిన్ పేపరు ఒకరి చేతికి, జిల్లా పేపరు ఇంకొకరి చేతికి పోతుంది. జిల్లా పేపర్లో మన మండలం వార్త చదువుతాం, కరెంటు కోత ఎప్పుడో చూస్తాం, ప్రకటనల దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తాం. ఈరోజు ఆ తిప్పేసే భాగమే చదువుదాం. అందులో ఉన్నది మన ఊరి వ్యాపారి అచ్చువేసి ఇచ్చిన మాట. చట్టం కూడా దాన్ని ఇచ్చిన మాట కిందే లెక్కేస్తుంది. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. తెలిస్తే డబ్బు మిగులుతుంది, ఒక్కోసారి ఇల్లే మిగులుతుంది.

ముందు చిన్న చరిత్ర. విశాఖపట్నంలో 1974లో మొదలైన ఈనాడు, 1989లో జిల్లాకొక చిన్న సైజు పేపరు విడిగా ఇవ్వడం మొదలుపెట్టింది. మిగతా పేపర్లూ అదే దారి పట్టాయి. అంతకుముందు విజయనగరం గంటస్తంభం దగ్గర బట్టల కొట్టు నడిపే ఆయన పేపర్లో ప్రకటన ఇవ్వాలంటే, తన కొట్టుకి ఎప్పటికీ రాని పక్క జిల్లాల పాఠకులకి కూడా కలిపి డబ్బు కట్టాలి. అందుకే గోడ మీద రాతలు, సినిమా హాల్లో స్లైడ్లు, రిక్షాకి కట్టిన మైకుతో సరిపెట్టుకునేవారు. జిల్లా పేపరు వచ్చాక రాజాం, బొబ్బిలి, నరసన్నపేట కొట్లు కూడా పేపరెక్కాయి.

(తెరపై: నమూనా ప్రకటన. "ఆషాఢం భారీ తగ్గింపు! 10% నుంచి 60% వరకు. పట్టుచీరలు, ఫ్యాన్సీ, రెడీమేడ్స్. ప్రతి కొనుగోలుపై లక్కీ కూపన్. స్టాకు ఉన్నంత వరకే. షరతులు వర్తిస్తాయి. మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు.")

ఇది మేం తయారు చేసిన నమూనా. ఏ కొట్టుదీ కాదు. కానీ మీకు బాగా తెలిసిన ప్రకటనే.

ఆషాఢంలో తగ్గింపు ఇవ్వడానికి నిజమైన కారణమే ఉంది. ఆ నెల పెళ్లి ముహూర్తాలు ఉండవు, బట్టల కొట్టుకి గిరాకీ పడిపోతుంది. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతాలు, పెళ్లిళ్లు. అప్పటికి కొత్త సరుకు దించాలి, దానికి అరలు ఖాళీ కావాలి. కాబట్టి ఆషాఢం సేలు అంతా మోసం అనుకోనక్కర్లేదు. చూడాల్సింది ఏమిటంటే, 60% దేని మీద? పట్టుచీరల మీద 10%, రెండేళ్లుగా మడతపెట్టి ఉన్న రెడీమేడ్ చొక్కాల మీద 60% అయి ఉండొచ్చు. ఏ రకం మీద ఎంతో విడిగా వేసిన ప్రకటన నాకు నచ్చుతుంది. అలా వేసే వ్యాపారి దాచేదేమీ లేదన్నట్టు.

రెండోది, ఆఖరి తేదీ. మన నమూనాలో అది లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం దీని గురించి వివరంగానే చెప్పింది. తగ్గింపు ధరకు ఇస్తామని పేపర్లో ప్రకటించి, ఆ ధరకు అమ్మే ఉద్దేశమే లేకపోయినా, తగినంత సరుకు, తగినన్ని రోజులు లేకపోయినా అది అనుచిత వ్యాపార పద్ధతి. మీరు పేపరు చూసుకుని మొదటిరోజు పొద్దున్నే వెళ్తారు. "ఆ రకం అయిపోనాదమ్మా, కొత్త స్టాకు చూపించమంటారా" అంటారు. ఒక్కరికి అలా జరిగితే సరుకు నిజంగానే అయిపోయి ఉండొచ్చు. వచ్చిన వాళ్లందరికీ అదే జవాబు వస్తే మాత్రం ఆ ప్రకటన ఎర.

"షరతులు వర్తిస్తాయి" అన్న చోట ఏ షరతులో రాయాలి కదా? ప్రకటన అంతా తెలుగులో పెద్దక్షరాల్లో ఉండి, కింద షరతులు మాత్రం చీమల్లాంటి ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటన ఏ భాషలో ఉంటే షరతులూ ఆ భాషలోనే ఉండాలి, చదవగలిగేలా ఉండాలి. ఇంట్లో అమ్మమ్మ చదవలేని షరతు అమ్మమ్మ మీద రుద్దకూడదన్న మాట.

ఇక లక్కీ కూపన్. డ్రా తీశారా, బహుమతి బండి ఎవరికి వచ్చింది? చాలా ఊళ్లలో ఈ ప్రశ్నకు జవాబుండదు. చట్టంలో దీనికీ మాట ఉంది. బహుమతి పథకం ముగిశాక ఫలితాలు పాల్గొన్నవాళ్లకు తెలియజేయకపోతే అదీ అనుచిత వ్యాపార పద్ధతే. పథకం గురించి మొదట ఏ పేపర్లో వేశారో, అదే పేపర్లో, కనిపించేలా, తగిన సమయంలో ఫలితాలు వేస్తే తెలియజేసినట్టు లెక్క. కాబట్టి కూపనుతో పాటు ఆ ప్రకటన కటింగు కూడా దాచండి. డ్రా తేదీ దాటాక కొట్టుకెళ్లి "ఫలితాలు ఏ తేదీ పేపర్లో వేశారు బాబూ" అని అడిగే హక్కు మీకుంది.

(తెరపై: బంగారం కొట్టు ప్రకటన నమూనా. "తరుగులో 50% తగ్గింపు!")

ఇప్పుడు బంగారం. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే మన ఇళ్లలో పెద్ద ఖర్చు ఇదే. ఈ ప్రకటన చూడగానే సగం ధరకే నగ వస్తుందన్నట్టు కంటికి కనిపిస్తుంది. లెక్క వేద్దాం. 20 గ్రాముల గొలుసు. తరుగు, అంటే నగ చేసేటప్పుడు పోయే బంగారం పేరుతో వేసేది, 14% అనుకుందాం. అంటే 2.8 గ్రాములు. అందులో సగం తగ్గిస్తే 1.4 గ్రాములు. మీకు నిజంగా మిగిలింది గొలుసు బంగారంలో 7%. తక్కువేమీ కాదు, కానీ 50% కాదు. పైగా ముందు తరుగు ఎంత వేస్తున్నారో ప్రకటనలో ఉండదు. 20% వేసి సగం తగ్గించిన కొట్టు కంటే, ఏ ఆఫరూ లేకుండా 9% వేసే కొట్టు నయం.

కొట్టులో ఇవి అడగండి: ఈరోజు 22 క్యారెట్ల గ్రాము రేటు ఎంత వేస్తున్నారు, రాళ్ల బరువు తీసేశారా, మజూరీ (నగ చేసిన కూలి) వేరేగా ఉందా. గ్రాము రేటు పక్క కొట్టు కంటే ఎక్కువ వేస్తే తరుగులో ఇచ్చింది రేటులో లాగేసినట్టే. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకి ఇచ్చే గుర్తింపు నంబరు, తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరూ కొడితే నగ వివరాలు అక్కడికక్కడే వస్తాయి. భూతద్దం కొట్టువాళ్ల దగ్గరే ఉంటుంది, మొహమాటపడకుండా అడగండి.

"మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు" అన్న లైను చూశారు కదా. నాకు ఆ లైనంటే ఇష్టం. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో ఉన్న కొట్టు రేపూ అక్కడే ఉంటుంది. చీర రంగు వదిలితే సంచిలో పెట్టుకుని వెళ్లి కౌంటరు మీద పరవొచ్చు. అదే ఫంక్షన్ హాల్లో "మూడు రోజులు మాత్రమే, ఫ్యాక్టరీ ధరలకే" అని వచ్చే సేలు ప్రకటనలో ఫోన్ నంబరు, హాలు పేరు తప్ప ఏమీ ఉండదు. నాలుగోరోజు ఎవరిని అడుగుతాం? అక్కడ కొనొద్దనను. జీఎస్టీ నంబరుతో బిల్లు ఇస్తేనే కొనండి. లోపం ఉన్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా వెనక్కి తీసుకోవాలి. గడువు ఏదీ రాయకపోతే 30 రోజుల్లోగా తీసుకోవాలి. బిల్లే లేకపోతే ఇదంతా మాటల వరకే.

(తెరపై: స్కేలుతో ప్రకటన కొలుస్తున్న చెయ్యి.)

కొట్టు నడిపే అన్నలకి, అక్కలకి నాలుగు మాటలు. పేపర్లో జాగా లెక్క కాలమ్ సెంటీమీటర్లలో. రెండు కాలమ్‌ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు అంటే 20 కాలమ్ సెంటీమీటర్లు. లెక్క తేలికగా ఉండటానికి ఒక్కో కాలమ్ సెంటీమీటరుకి రేటు 100 రూపాయలు అనుకుంటే 2,000, దాని మీద 5% జీఎస్టీ 100. మొదటి పేజీకి, రంగులకి రేటు వేరు. ప్రకటన ఎవరి చేతికిచ్చినా, మీ ఊరి విలేకరి చేతికే ఇచ్చినా, పేపరు పేరు మీద బిల్లు తీసుకోండి. అచ్చుకి వెళ్లే ముందు ఫోన్ నంబరు మీరే ఒక్కో అంకె చదివి సరిచూడండి.

ఏం వేయాలంటే... దేవుడి బొమ్మ, మీ ఫొటో, ఎమ్మెల్యే గారి ఫొటో పెట్టాక సరుకు పేరుకి జాగా మిగలడం లేదు. సరుకు, ధర, ఆఖరి తేదీ, గుర్తుపట్టే చోటు, ఈ నాలుగూ ఉంటే చిన్న ప్రకటనైనా పనిచేస్తుంది. విజయనగరంలో చాలామంది, దసరా తర్వాత మంగళవారం జరిగే సిరిమానోత్సవం రోజే పెద్ద ప్రకటన వేస్తారు. ఆ మంగళవారం జనం పైడితల్లి అమ్మవారి కోసం వస్తారు, కొత్త బట్టలు అప్పటికే కొనేసి ఉంటారు. ఆ డబ్బేదో దసరాకి పది రోజుల ముందు పెట్టడం మంచిదని నా అభిప్రాయం. పేపరు మడతలో పెట్టి పంచే పాంప్లెట్ చవక, నిజమే. కానీ దాని మీద తేదీ ఉండదు, కొన్నవాడి దగ్గరా అమ్మినవాడి దగ్గరా రుజువుగా నిలవదు. ఫలానా తేదీన ఫలానా పేజీలో వేశాం అని చెప్పుకోగలగడం నిజాయితీగా అమ్మేవాడికి కూడా బలమే.

శుభాకాంక్షల ప్రకటనలు, వర్ధంతి ప్రకటనలు మన విషయం కాదు, వదిలేద్దాం.

లేఅవుట్ ప్రకటనలు మాత్రం వదలకూడదు. "భోగాపురం ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలే" అని ఎన్ని చూశామో! ఏ బండిలో, ఏ దారిలో పది నిమిషాలో ఎవరూ రాయరు. మీరు వెతకాల్సింది రెరా నంబరు. రెరా అంటే స్థలాలు, ఇళ్ల అమ్మకాల మీద ప్రభుత్వం పెట్టిన నియంత్రణ సంస్థ. 2016 చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు మించిన లేఅవుట్‌ను రెరాలో రిజిస్టరు చేయకుండా అమ్మకానికి ప్రకటన వేయడమే తప్పు. నంబరు ఉంటే ఏపీ రెరా వెబ్‌సైటులో సరిచూడండి. అదే చట్టం 12వ సెక్షన్ ఏమంటుందంటే, ప్రకటనలోని తప్పుడు సమాచారం నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోతే పరిహారం ఇవ్వాలి, తప్పుకోవాలనుకుంటే కట్టిన డబ్బు వడ్డీతో వెనక్కివ్వాలి. నమ్మింది ఏ ప్రకటనో చూపించడానికి మళ్లీ ఆ కటింగే కావాలి.

(తెరపై: చిన్న అక్షరాలతో నిండిన నోటీసుల పేజీ.)

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పేజీ. బొమ్మలుండవు, రంగులుండవు. బ్యాంకు స్వాధీన నోటీసు, వేలం నోటీసు, లాయరు గారి బహిరంగ ప్రకటన, తాకట్టు బంగారం వేలం.

ఇంటి మీద అప్పు మొండి బకాయి అయితే, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ముందు 60 రోజుల నోటీసు ఇస్తుంది. కట్టకపోతే ఆస్తిని స్వాధీనం చేసుకుని ఏడు రోజుల్లోగా రెండు పేపర్లలో ప్రకటించాలి, ఒకటి స్థానిక భాషలో ఉండాలి. ఇల్లు మన చేతిలోనే ఉన్నా కాగితం మీద స్వాధీనం అయిపోవచ్చు. ఆ తర్వాత వేలం ప్రకటన. చాలామంది "వేలం రోజు దాకా టైముంది కదా" అనుకుంటారు. లేదు. 2016 సవరణ తర్వాత, బాకీ మొత్తం కట్టి ఆస్తి విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడేదాకానే. 2023లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. పేపర్లో ఆ నాలుగు అంగుళాల ప్రకటన వచ్చాక, డబ్బు తెచ్చినా హక్కుగా అడగలేరు. అప్పులో ఉన్నవాళ్లు ఎవరైనా చూస్తుంటే, దయచేసి ఈ మాట గుర్తు పెట్టుకోండి. బ్యాంకు చేసింది తప్పనిపిస్తే 45 రోజుల్లోగా విశాఖపట్నంలోని రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. వ్యవసాయ భూమిని ఈ చట్టం కింద వేలం వేయకూడదన్న సంగతి రైతులకి తెలిసుండాలి.

వేలంలో కొనాలనుకునేవాళ్లకి: "ఉన్నది ఉన్నట్టుగా, ఎక్కడున్నది అక్కడే" అన్న షరతు ఉంటుంది. లోపల అద్దెకున్నవాళ్లని ఖాళీ చేయించడం, పాత పన్ను బకాయిలు మీ నెత్తిన పడొచ్చు. మొత్తంలో 25% వేలం రోజునో మర్నాడో కట్టాలి. ముందు వెళ్లి ఇల్లు చూడండి, ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ఈసీ తీయించండి.

తాకట్టు బంగారం వేలం నోటీసులో పేర్ల బదులు లోన్ నంబర్లే వరసగా ఉంటాయి. మీ రసీదు మీద నంబరుతో పోల్చుకోండి. వేలంలో బాకీ పోను మిగిలిన సొమ్ము మీదే, అడిగి తీసుకోండి.

ఇక లాయరు ప్రకటన. "ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు భూమిని మా క్లయింటు కొనదలచారు, అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లోగా తెలపాలి" అని ఉంటుంది. ఆ ఏడు రోజులు గడిచినంత మాత్రాన అసలు హక్కుదారు హక్కు పోదు. కానీ ఊరుకుంటే రేపు కోర్టులో "ప్రకటన వేశాం, ఎవరూ రాలేదు" అంటారు. అభ్యంతరం రాతపూర్వకంగా, స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు ఉండేలా పంపండి.

శ్రీకాకుళం జిల్లా నుంచి హైదరాబాద్, చెన్నై పనులకి వెళ్లినవాళ్లు ఎంతమందో! వాళ్ల భూమి గురించి వచ్చే ప్రకటన శ్రీకాకుళం ఎడిషన్‌లో వస్తుంది, వాళ్ల కంట పడదు. ఈ-పేపర్లో జిల్లా ఎడిషన్ ఎంచుకుని ఫోన్లోనే చూడొచ్చు. నోటీసుల పేజీలో మీ మండలం, మీ ఊరు కనిపిస్తే ఆగి, సర్వే నంబరు మీ పాసు పుస్తకంతో, మీభూమి అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్న 1-బి భూమి రికార్డుతో, నాలుగు హద్దులు మీ దస్తావేజుతో సరిచూసుకోండి. కలిస్తే, తేదీ కనిపించేలా పేజీ మొత్తం ఫొటో తీసి ఆ రోజే లాయరుకి పంపండి. కొట్ల ప్రకటనల మీద ఫిర్యాదులకైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు.