సెకండ్ హ్యాండ్ విండోస్ కొన్నాను: లైసెన్స్ నిజంగా మన చేతికి వస్తుందా? | వైజాగ్ నుంచి రివ్యూ

నమస్తే అండి. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ బల్ల మీదున్న ల్యాప్‌టాప్‌ని ద్వారకానగర్‌లో ఒక సెకండ్స్ షాపు వాళ్లు రెండు వారాలు వాడి రివ్యూ చెయ్యమని ఇచ్చారు. ఈ రివ్యూకి నేను వాళ్ల దగ్గర డబ్బులేమీ తీసుకోలేదు. దాని పక్కనున్న విండోస్ 10 ప్రో బాక్స్ మాత్రం నా డబ్బుతో కొన్నాను. ఎంవీపీ కాలనీలో ఒక రిటైర్డ్ లెక్కల మాష్టారి దగ్గర, 3,000 రూపాయలకి.

ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏంటి అన్నది మీరు ఈపాటికే వేరే వీడియోల్లో చూసుంటారు. కీబోర్డు చాలా బాగుంది. బ్యాటరీ నాలుగు గంటలు వచ్చింది. మూత దగ్గర కాస్త వదులుగా ఉంది. ఇక నేను మాట్లాడాలనుకున్నది లోపలున్న విండోస్ గురించి. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు గీతలు చూస్తాం, ఛార్జర్ చూస్తాం, ఇది మాత్రం ఎవరూ చూడరు.

నాకు దీని మీద ఎందుకింత పట్టుదలో చెప్పాలి. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ వచ్చిన రోజు. అప్పట్లో మేం పెదవాల్తేరులో ఉండేవాళ్లం. కిటికీ అద్దాలు పగిలి, వాన నీళ్లు నేరుగా నా సీపీయూలోకి పోయాయి. కరెంటు వచ్చాక చూస్తే ఏదీ పనికిరాలేదు. బీరువాలో ఉన్న విండోస్ 7 డీవీడీ, దాని బిల్లు మాత్రం మిగిలాయి. పోనీలే, ఇదైనా ఉందనుకుని కొత్త పీసీ కట్టించాను. తీరా చూస్తే అది ఓఈఎమ్ లైసెన్స్. మొదట ఏ కంప్యూటర్‌లో వేశారో దానితోనే ఉండాలి, ఇంకోదానికి మార్చే హక్కు లేదు. అమ్మేటప్పుడు ఎవరూ ఆ మాట చెప్పలేదు, అడగాలని నాకూ తెలియదు. రెండోసారి డబ్బు పెట్టి కొనాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా ముందు అదే చూస్తాను.

ఎలా చూడాలో ఇప్పుడు చూపిస్తాను. కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీ తెరిచి, ఎస్ఎల్ఎమ్‌జీఆర్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ డీఎల్ఐ అనండి. చిన్న కిటికీ వస్తుంది. అందులో రిటైల్ అని ఉంటే ఆ లైసెన్స్‌ని వేరే కంప్యూటర్‌కి మార్చుకోవచ్చు. ఓఈఎమ్ అని ఉంటే అది ఆ మెషీన్‌తోనే పోతుంది, మెషీన్‌తో కలిపి కొంటే ఇబ్బందేమీ లేదు. వాల్యూమ్ అని ఉంటే మాత్రం ఆగండి. అది కంపెనీలకీ కాలేజీలకీ టోకున ఇచ్చే లైసెన్స్. విడిగా మీకు అమ్మడానికి ఎవరికీ హక్కు ఉండదు. ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకి దొరికే కీల్లో, అంటే విండోస్‌ని యాక్టివేట్ చేసే 25 అక్షరాల కోడుల్లో, ఇలాంటివి చాలా ఉంటాయి. ఈరోజు పనిచేస్తాయి, ఆ కీని బ్లాక్ చేసిన రోజు ఆగిపోతాయి.

ఇప్పుడు ఈ ల్యాప్‌టాప్ సంగతి. షాపు ఇచ్చినట్టే ఆన్ చేసి చూశాను. వాల్యూమ్, కేఎమ్ఎస్ క్లయింట్ అని వచ్చింది, అంటే ఆఫీసు సర్వర్ ద్వారా యాక్టివేట్ అయ్యే రకం. స్లాష్ ఎక్స్‌పీఆర్ కొడితే గడువు తేదీ కనబడింది. కేఎమ్ఎస్ యాక్టివేషన్ ఒకసారికి 180 రోజులే. ఆఫీసుల్లో అయితే అక్కడి సర్వర్ దాన్ని రెన్యూ చేస్తూ ఉంటుంది. మన ఇంట్లో ఆ సర్వర్ ఎక్కడిది? అంటే ఏదో క్రాక్ టూల్‌తో నడిపిస్తున్నారు. మన బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే మెషీన్‌లో ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్ అది.

షాపుకి ఫోన్ చేస్తే, "అన్నా, అందరికీ ఇలాగే ఇస్తాం, ఇంతవరకూ ఎవరూ కంప్లయింట్ చెయ్యలేదు" అన్నారు. నిజంగా బాధేసింది. ఎందుకంటే ఈ ల్యాప్‌టాప్‌కి అసలు లైసెన్స్ ఉంది! 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి పెద్ద కంపెనీల ల్యాప్‌టాప్‌లలో కీ స్టిక్కర్ మీద ఉండదు, మదర్‌బోర్డులోనే దాచి పెడతారు. నేను మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్‌ని పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని, డిస్క్ మొత్తం చెరిపి కొత్తగా వేశాను. కీ అడగనే లేదు. బోర్డులోంచి తనే తీసుకుంది. వైఫై కలపగానే యాక్టివేట్ అయిపోయింది. డీఎల్ఐలో ఇప్పుడు ఓఈఎమ్ అని ఉంది, చూడండి. దీనికి నాకు పట్టింది 40 నిమిషాలు. ఆ 40 నిమిషాలు పెట్టలేక, డబ్బు కట్టి కొన్న లైసెన్స్ లోపల ఉండగానే పైన దొంగది వేసి అమ్ముతున్నారు.

ఇక మాష్టారి బాక్స్. ఆయన డెస్క్‌టాప్ పాతది, విండోస్ 11కి సరిపోదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ముగిసింది కదా, అందుకని ఆయన కొత్త ల్యాప్‌టాప్ తీసుకున్నారు. అందులో విండోస్ ఎలాగూ వచ్చింది, ఈ బాక్స్ ఖాళీగా పడి ఉంది. నేను అడిగిన మొదటి ప్రశ్న, "మాష్టారూ, దీన్ని మీరే కొత్తగా కొన్నారా, ఇంకెవరి దగ్గరైనా తీసుకున్నారా?" అని. ఆయన లోపలికి వెళ్లి బిల్లు తెచ్చి చూపించారు. ఎందుకు అడిగానంటే, విండోస్ 10 రిటైల్ ఒప్పందం ప్రకారం వేరేవాళ్లకి బదిలీ చేసే హక్కు మొదట కొన్నవారికే ఉంటుంది. కొత్తగా తీసుకునేవాళ్లు ఆ షరతులకి ఒప్పుకోవాలి. పాత మెషీన్‌లోంచి విండోస్ తీసెయ్యాలి. అంటే మాష్టారు నాకు ఇవ్వొచ్చు, నేను మాత్రం దీన్ని ఇంకొకరికి అమ్మలేను.

ఆయన డెస్క్‌టాప్ ముందు కూర్చుని స్లాష్ యూపీకే కొట్టి కీ తీసేశాను. తర్వాత స్లాష్ సీపీకేవై, రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట, కీ ఆనవాలు మిగలకుండా. ఆ పైన డిస్క్ చెరిపి, ఆయన మనవడి కోసం లినక్స్ వేసిచ్చాను. మాష్టారు పక్కనే కూర్చుని, "బాబూ, ఇప్పుడు వాళ్లకి తెలిసినట్టేనా, ఇది నాది కాదని?" అని అడిగారు.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది అదేనండి. తెలియదు! యూపీకే ఆ మెషీన్‌లో కీని తీసేస్తుంది, అంతే. నేను దీన్ని ఫలానావారికి ఇచ్చేశాను అని మైక్రోసాఫ్ట్‌కి చెప్పే బటన్ విండోస్‌లో ఎక్కడా లేదు. పాత స్కూటర్ అమ్మినా ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెడతాం, ఆర్సీలో పేరు మారుతుంది. ఇక్కడ వేల రూపాయల వస్తువు చేతులు మారితే చిన్న రసీదు కూడా రాదు. ఒప్పందంలో బదిలీ హక్కు రాసిచ్చారు, దాన్ని నిరూపించుకునే దారి మాత్రం ఇవ్వలేదు. యూరప్‌లో అయితే 2012లోనే అక్కడి అత్యున్నత న్యాయస్థానం, వాడిన సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌ని తిరిగి అమ్ముకోవచ్చని ఒరాకిల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కేసులో తీర్పిచ్చింది. ఆ తీర్పులో కూడా షరతు ఇదే, అమ్మేవాళ్లు తమ కాపీని పనికిరాకుండా చెయ్యాలి.

అందుకని మేమే ఒక కాగితం రాసుకున్నాం. బాక్స్ మొదట కొన్నది నేనే, పాత కంప్యూటర్‌లోంచి తీసేశాను, ఫలానా తేదీన ఇచ్చాను అని మాష్టారు తన చేత్తో రాసి సంతకం పెట్టారు. బిల్లు కూడా ఇచ్చారు. రెండూ ఈ బాక్స్‌లోనే ఉన్నాయి.

విండోస్ 10 ప్రో కీ 11 ప్రోకి కూడా పనిచేస్తుంది. అందుకే ఇంటికొచ్చి నా డెస్క్‌టాప్‌లో విండోస్ 11 ప్రో వేసి, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్‌కి వెళ్లి ఆ 25 అక్షరాలూ కొట్టాను. టెన్షన్ పడ్డాను, హుద్‌హుద్ తర్వాత రోజులే గుర్తొచ్చాయి. ఒక్కసారికే పచ్చ టిక్ వచ్చింది. రిటైల్ అని ఉంది. వెంటనే నా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లింక్ చేశాను. రేపు బోర్డు మార్చాల్సి వస్తే యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో, ఈమధ్య హార్డ్‌వేర్ మార్చాను అని ఎంచుకోవడానికి అది కావాలి. సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, ఉప్పుగాలికి మన బోర్డులు ఎన్నాళ్లుంటాయో.

సరే, నా మాట. మొదటి ఓనర్ దగ్గర, బిల్లుతో, రిటైల్ బాక్స్ దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి. నేను పెట్టిన 3,000కి పూర్తి న్యాయం జరిగింది. ల్యాప్‌టాప్ మెషీన్‌గా మంచిదే. కానీ అందులో వాళ్లు వేసిచ్చిన విండోస్ చూశాక, ఆ షాపులో కొనమని మీకు చెప్పలేను. ఆ భాగం వీడియోలోంచి తీసెయ్యమని అడిగారు, కుదరదన్నాను. రేపు పొద్దున్నే వెళ్లి ల్యాప్‌టాప్ తిరిగిచ్చేస్తాను, ఇప్పుడు వేసిన అసలు విండోస్‌తోనే.

మీ మెషీన్‌లో డీఎల్ఐ కొట్టి ఏమొచ్చిందో కామెంట్లో రాయండి. అందులో కనబడేవి కీ చివరి 5 అక్షరాలే, అవి చూపించినా ఫర్వాలేదు. పూర్తి కీ మాత్రం ఫొటో తీసి ఎక్కడా పెట్టకండి.