కాస్త మత్తివ్వండి డాక్టరు గారూ

(గుంటూరులో గొంతు క్యాన్సర్ రోగుల కుటుంబాలతో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బోర్డు మీద అనస్థీషియా అని ఎంత పెద్దక్షరాలతో రాయించుకున్నా ఈ ఊళ్లో నేను మత్తు డాక్టరునే. ఇవాళ ఆ మత్తు అన్న మాటతోనే నా పేచీ. ఆపరేషన్‌కి ఇచ్చేదీ మత్తే, నిద్రమాత్రా మత్తే, నొప్పికిచ్చే మార్ఫినూ మత్తే. మాట ఒకటే, పనులు మూడు.

స్వరపేటిక మొత్తం తీసేశాక మెడ మీది రంధ్రం నుంచే శ్వాస. గాలిని వెచ్చబరచడం, తడపడం, దుమ్ము వడగట్టడం ఇన్నాళ్లూ ముక్కు చేసింది. ఇప్పుడు పొడిగాలి నేరుగా లోపలికి పోతుంది. తెమడ ఊరుతుంది, దగ్గు వస్తుంది. పైగా మనది మిర్చి ఊరు. యార్డు వైపు నుంచి గాలి తిరిగితే ముక్కుతో పీల్చేవాళ్లమే దగ్గి చస్తాం.

అర్ధరాత్రి వార్డులో ఆపరేషనైన మనిషి దగ్గుతుంటే కుట్లు లాగుతాయి. ఇంటావిడ చూడలేక వస్తుంది. "కాస్త మత్తివ్వండి డాక్టరు గారూ, పడుకుంటారు."

ఒక పెద్దాయనకి ఇంట్లోవాళ్లే తెలిసిన షాపులో అల్ప్రాజోలం అనే నిద్రమాత్ర తెచ్చి వేశారు. "చూడండి, ఎంత హాయిగా పడుకున్నారో" అన్నాడు కొడుకు. దగ్గరికెళ్లి చూశాను. నుదురు ముడిపడి ఉంది, పిడికిట్లో దుప్పటి, నాడి నిమిషానికి 120. మెలకువ రాగానే పలక అడిగి రాశాడు: "నొప్పి అట్లాగే ఉంది. చెప్పే ఓపిక పోయింది."

అల్ప్రాజోలం, డయాజెపామ్ లాంటివి ఆందోళన తగ్గిస్తాయి, నిద్ర తెస్తాయి. నొప్పికి అవి మందు కాదు, దగ్గుకీ కాదు. నొప్పికి పారాసెటమాల్, చాలకపోతే ట్రమడాల్, మార్ఫిన్. నరం మంటకి గాబాపెంటిన్ లాంటివి. క్యాన్సర్ నొప్పికి ఇలా మెట్టు మెట్టుగా, గడియారం చూసి ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. మార్ఫిన్ పేరెత్తితే అలవాటైపోతుందని భయపడతారు. నొప్పికి తగ్గ మోతాదులో, డాక్టరు చూస్తుండగా వాడితే ఆ భయం తక్కువే. మలబద్ధకం మాత్రం దాదాపు ఖాయం, విరేచనం మందు మొదటి రోజు నుంచే అడగండి. 1985 మాదకద్రవ్యాల చట్టంతో మార్ఫిన్ దొరకడమే గగనమైంది, 2014 సవరణతో కాస్త దారి తెరుచుకుంది.

మార్ఫిన్, కోడీన్ దగ్గునీ అణుస్తాయి. అయితే వాటి మీద నిద్రమాత్ర కూడా వేస్తే శ్వాస నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఈ రెండూ కలిపి వాడటం మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2016లో తన అతి తీవ్రమైన హెచ్చరికే వేయించింది. గొంతు లేని మనిషి ఊపిరాడకపోతే కేకెయ్యలేడని మర్చిపోకండి. మంచం పక్కన గంట పెట్టండి.

అసలు దగ్గు శత్రువు కాదు. తెమడని బయటికి తోసేది అదే. దాన్ని అణిచేస్తే కఫం లోపలే నిలిచి న్యుమోనియాకి దారితీస్తుంది. ఒకాయన మూడు సీసాల సిరప్ తాగాడు, దగ్గు తగ్గలేదు. సెలైన్ చుక్కలు వేసి, తడిపి, సక్షన్ గొట్టంతో లాగితే చింతగింజంత ఎండిన పక్కు బయటపడింది. ఆ రాత్రి ఆయన ఏ మాత్రా లేకుండా నిద్రపోయాడు. తేమే సగం వైద్యం: నెబ్యులైజర్, రంధ్రం మీద తేమ నిలిపే ఫిల్టర్, అదీ లేకపోతే తడిపి పిండిన పల్చటి గుడ్డ. మెడ రంధ్రంలో గొట్టం ఉంటే దాని లోపలి ట్యూబు నర్సు చూపించినట్టు కడగాలి.

నిద్రమందే వద్దనను. వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు ఇస్తాం, ప్రాణభయంతో వణికిపోతుంటే పక్కనే ఉండి ఇస్తాం, చివరి రోజుల్లో ఊపిరి బరువైనప్పుడూ ఇస్తాం. ఇంట్లో, మన ఇష్టానికి మాత్రం కాదు.

ఇంకో మాట. ముక్కు గొట్టంలో వెయ్యడానికి మాత్రలు నూరుతారు కదా, నెమ్మదిగా పనిచేసే రకం మార్ఫిన్, ట్రమడాల్ మాత్రలు నూరితే పన్నెండు గంటల మందు ఒక్కసారే దిగుతుంది. అడక్కుండా ఏ మాత్రా నూరొద్దు. ఆక్సిజన్ పెట్టాల్సొస్తే మాస్కు మెడ రంధ్రం మీద పెట్టమనండి. అంబులెన్స్ వాళ్లకి తొందరలో ఇది తట్టకపోవచ్చు.

ఇక ప్రశ్నలు. ముందు వరుసలో అన్నగారు ఇందాకటి నుంచి పలక పైకెత్తి కూర్చున్నారు, మొదట ఆయనదే చదువుతాను.