భక్తి కీర్తనకు బదులు పలకవలసింది ఎవరు?

నమస్కారం. నెల్లూరు కతోలిక మేత్రాసనం, అంటే బిషప్పు గారి పాలన కిందున్న ప్రాంతంలోని ఒక విచారణలో (పారిష్‌లో) ఈమధ్య గుడి పాటల బృందాల వారంతా ఒక రోజు కూడుకున్నారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల కతోలికులు ఈ మేత్రాసనం కిందికే వస్తారు గనుక, ఒక పక్క కావలి, కందుకూరు వైపు నుంచి, మరొక పక్క ఒంగోలు, పొదిలి వైపు నుంచి పాడేవారు, హార్మోనియం, తబలా, కీబోర్డు వాయించేవారు, వారికి పాటలు నేర్పే కన్యస్త్రీలు (సిస్టర్లు), ఇద్దరు ముగ్గురు ఉపదేశులు (ఊళ్లలో మతబోధ చేసేవారు) తెల్లవారుజాము బస్సులు పట్టుకుని వచ్చారు. పాటల వాళ్లు కలిశారంటే సాధారణంగా పోటీ ఉంటుంది, కప్పులుంటాయి, సాయంత్రానికి ఎవరో ఒకరు అలిగి వెళ్లడం కూడా ఉంటుంది. ఇక్కడ పోటీ పెట్టలేదు. ఆదివారం దివ్యబలిపూజలో (మాస్‌లో) మనం పాడుతుంటే జనం ఎందుకు నోరు విప్పడం లేదన్న ఒక్క ప్రశ్న చుట్టూ ఆ రోజంతా గడిచింది. నేను పదిహేనేళ్లకు పైగా ఒక గుడిలో కీబోర్డు వాయించినవాణ్ణి కాబట్టి, ఈ తగవులో నన్ను మధ్యవర్తిగా అనుకోకండి. తప్పు చేసిన పక్షాన నిలబడి మాట్లాడుతున్నానని అనుకోండి.

పొద్దున్నే ఉపన్యాసాలు మొదలుపెట్టకుండా, తరగతి నడిపిన గురువులు ఒక చిన్న పని చేయించారు. ఒక ఊరి బృందాన్ని మామూలుగా వారు నిలబడే చోటనే, బలిపీఠానికి ఎడమ పక్కన, ఆరు మైకుల ముందు నిలబెట్టి, ఆదివారం పాడినట్టే ఒక ప్రవేశ గీతం పాడమన్నారు. మిగిలిన బృందాల వాళ్లందరినీ గుడి వెనక, తలుపు దగ్గరి చివరి బెంచీల్లో కూర్చోబెట్టి, వినబడిన మాటలను వినబడినట్టు కాగితం మీద రాయమన్నారు. పాట చక్కగా సాగింది, శ్రుతి ఎక్కడా తప్పలేదు. కాని మిక్సరులో ఎకో పూర్తిగా పెంచి ఉండడం వల్ల ఒక మాట తోక మరొక మాట తలను మింగేసింది, దాని మీద రిథమ్ ప్యాడ్ దరువు పడింది. నా పక్కన కూర్చున్న ఆవిడ కాగితం మీద ‘ప్రభువా’ అన్న మాట, దాని కింద ‘రండి’ అన్న మాట, ఆ తరువాత మూడు ప్రశ్నార్థకాలు ఉన్నాయి. ఆ పాట ఆవిడకు రాని పాటా కాదు, వారి గుడిలోనూ పాడేదే. ఇన్నేళ్లుగా ఆ బెంచీల్లో కూర్చునే ముసలివాళ్లకు మనం ఏం వినిపిస్తున్నామో ఆ కాగితాలు చెప్పినంత స్పష్టంగా మరెవరూ చెప్పలేదు.

నాకు అప్పుడు పాత సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. ఒక క్రిస్మస్ రాత్రి పూజకు, ఊరంతటికీ నోటికి వచ్చిన మహిమ గీతం వరుసను పక్కన పెట్టి, నేనే కొత్త వరుస కట్టి, నెల రోజులు సాధన చేయించి బృందం చేత పాడించాను. గుడి నిండిపోయి వసారా దాకా జనం ఉన్నారు, ఒక్కరూ పాడలేదు. అందరూ నిశ్శబ్దంగా వింటున్నారని నేను మురిసిపోయాను. పూజ అయిపోయాక చనిపోయిన ఉపదేశి గారి భార్య నా దగ్గరికి వచ్చి, "ఏంది నాయనా, ఈ ఏడు మమ్మల్ని పాడొద్దన్నారా?" అని అడిగింది. ఆవిడ గొంతులో కోపం లేదు. పాడకూడదనే ఆజ్ఞ నిజంగానే వచ్చిందేమోనన్న అనుమానంతో అడిగింది. అందుకు నా దగ్గర జవాబు లేకపోయింది.

శ్రీసభ, అంటే కతోలిక సంఘం, ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. 1963 డిసెంబరు 4న బిషప్పులంతా కూడిన రెండవ వాటికన్ మహాసభ దైవార్చన (సామూహిక ఆరాధన) గురించి వెలువరించిన పత్రం, విశ్వాసులందరూ సంపూర్ణంగా, తెలిసి, చురుకుగా అర్చనలో పాలుపంచుకోవాలని, జ్ఞానస్నానం (బాప్తిస్మం) వల్ల అది వారికి హక్కు, బాధ్యత కూడా అని 14వ అంశంలో చెప్పింది. హక్కు అన్న మాటను కాస్త పట్టి చూడాలి. నా కొత్త వరుసతో ఆ రాత్రి నేను ఆవిడ దగ్గర నుంచి లాక్కున్నది ఒక హక్కును. మూడేళ్లు దాటాక, 1967 మార్చి 5న, పవిత్ర సంగీతం గురించి రోము నుంచి వచ్చిన ఆదేశ పత్రం ఇంకా సూటిగా మాట్లాడింది: ప్రజలను పూర్తిగా పక్కన పెట్టి పూజలో పాడవలసినదంతా బృందానికే అప్పగించే అలవాటు తగదని చెప్పింది. అంతకు చాలా ముందే, 1903 నవంబరు 22న, సంగీతకారుల పాలకురాలు పునీత సిసిలియమ్మ పండుగ నాడు, పదవ భక్తినాథ పాపుగారు (పోప్ పదవ పయస్) వెలువరించిన లేఖలో కూడా అర్చనలో చురుకైన భాగస్వామ్యం అన్న మాట ఉంది. అదే లేఖ గుడిలో పియానోను, డోళ్లను నిషేధించింది, స్త్రీలు గాయక బృందంలో ఉండకూడదని కూడా అంది. తరగతిలో ఈ మాట చెప్పగానే గుడిలో నవ్వులు వినబడ్డాయి, ఎందుకంటే ఆ రోజు వచ్చినవారిలో మూడు వంతులు ఆడవాళ్లే. వాళ్లు మానేస్తే మన పల్లెల్లో ఆదివారం పాట ఉండదు. కాలంతో పాటు నియమాలు మారాయి, కాని ప్రజలు పాడాలన్న కోరిక మాత్రం 1903 నుంచి ఇప్పటిదాకా మారలేదు.

ఇక అసలు చిక్కుకు వస్తాను. మనవాళ్లు ఎవరినైనా "ఈ ఆదివారం ఏం పాడుతున్నారు?" అని అడగండి. ప్రవేశ గీతం ఇది, కానుకల గీతం ఇది, సత్ప్రసాద గీతం (దివ్య అప్పం స్వీకరించేటప్పటి పాట) ఇది, ముగింపు పాట ఇది అని నాలుగు పేర్లు చెబుతారు. గురువుగారు (పూజ చేసే ఫాదరు) "ప్రభువు మీతో ఉండునుగాక" అన్నప్పుడు మనం ఇచ్చే బదులు, ‘పరిశుద్ధుడు’, పరలోక జపం, గొప్ప ఆమెన్ (గురువు చేసే ప్రధాన ప్రార్థన చివర అందరూ పలికేది) వంటివి చాలా గుడుల్లో మాటలుగానే దొర్లిపోతాయి. 1967 పత్రం చెప్పిన వరుస దీనికి పూర్తిగా తలకిందులు. మొదటి మెట్టులో అది ఉంచినవి గురువుకూ ప్రజలకూ మధ్య నడిచే పలకరింపులు, సువిశేషానికి (సువార్తకు) పలికే జయధ్వానాలు, ‘పరిశుద్ధుడు’, పరలోక జపం. రెండవ మెట్టులో ‘ప్రభూ దయ చూపుము’, మహిమ గీతం, ‘దేవుని గొర్రెపిల్ల’, విశ్వాస ప్రమాణం, విశ్వాసుల ప్రార్థన. మనం అన్నిటికంటే ఎక్కువ సాధన చేసే ప్రవేశ, కానుకల, సత్ప్రసాద గీతాలు మూడవ మెట్టులో ఉన్నాయి, పైగా మొదటి మెట్టు లేకుండా మిగిలినవి వాడకూడదని ఆ పత్రమే చెప్పింది. ముగింపు పాట సంగతి అయితే మరీ విచిత్రం. పూజా గ్రంథంలో దానికంటూ ఒక స్థానమే లేదు, మనం మాత్రం అన్నిటికంటే గట్టిగా వాయించేది దానికే. (అది మానేయమని నేను అనడం లేదు, జనం చెప్పులు వెతుక్కునేటప్పుడు ఒక పాట ఉంటే బాగానే ఉంటుంది.)

మధ్యాహ్నం వరకు తరగతి నిలిచింది భక్తి కీర్తన మీదే, నా ఉద్దేశంలో అలా నిలవడమే న్యాయం. మొదటి పఠనం తరువాత వచ్చే ఈ కీర్తన దేవుని వాక్కుకు ప్రజలు చెప్పే బదులు. దీనికి ఒక పల్లవి ఉంటుంది, చరణాలుంటాయి; చరణాలు ఒకరు పాడితే పల్లవి అందరూ పాడాలి. ఆ స్థానంలో మనకు నచ్చిన మరొక పాట పెట్టుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే పఠనాలనూ, భక్తి కీర్తననూ బైబులులో లేని పాఠాలతో మార్చరాదని రోమను పూజా గ్రంథం సాధారణ సూచనల 57వ అంశం చెబుతుంది. ఇంత ముఖ్యమైన భాగాన్ని మన గుడుల్లో చాలాచోట్ల ఒక అమ్మాయి పుస్తకం చూసి చదివేస్తుంది, లేదా బృందమే పల్లవి, చరణం అంతా పాడేస్తుంది. చెక్క భజనలు చూసి పెరిగిన మన జిల్లాల వాళ్లకు, ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకోవడం కొత్తగా నేర్పవలసిన విద్యా? రోములో కీర్తనకు బదులు పలకడం ఎలాగో ఎన్నో పేజీల్లో వివరిస్తారు గాని, మన పల్లెలో వీధి గుంపు దాన్ని రెండు నిమిషాల్లో చేసి చూపిస్తుంది. మిషన్ దేశాల ప్రజలకు తమ సొంత సంగీత సంప్రదాయాలు ఉన్నప్పుడు వాటికి తగిన గౌరవం, స్థానం ఇవ్వాలని మహాసభ పత్రం 119వ అంశంలో చెప్పింది కూడా.

ఆ పూట చేసిన సాధన ఇలా నడిచింది. 23వ కీర్తన తీసుకుని, ‘ప్రభువే నా కాపరి’ అన్న మూడు మాటల పల్లవికి ఎవరికి వారు వరుస కట్టమన్నారు. వాయించేవాళ్లకు రెండే షరతులు పెట్టారు: వరుస షడ్జంలో (స) మొదలై షడ్జంలో ముగియాలి, పైకి వెళ్లినా పంచమం (ప) దాటకూడదు. మొదట వచ్చిన వరుసలన్నీ సినిమా పాటల్లా గాలిలోకి ఎగిరాయి, ఒకాయన తార షడ్జం (పై స) మీద ‘కాపరి’ని నాలుగు మాత్రలు నిలబెట్టాడు. మేము ముప్పైమందిమీ ఆయనతో కలిసి పాడబోయి సగంలోనే ఊపిరి ఆడక ఆగిపోయాం. అప్పుడు ఒక కన్యస్త్రీ కీబోర్డు ఆపించి, చేత్తో ఆదితాళం వేస్తూ, మోహన రాగంలో, పై స్వరాల జోలికి వెళ్లకుండా ఒక వరుస పాడారు. ఒకసారి విన్నాం, రెండోసారికి అందరికీ వచ్చేసింది. శ్రుతి విషయంలోనూ ఆమె ఒక మాట చెప్పారు. బృందంలో ముందు నిలబడే అమ్మాయి గొంతుకు అయిదున్నర వంటి ఎత్తు శ్రుతి హాయిగా ఉంటుంది, బెంచీలో కూర్చున్న రైతుకు అది అందదు. ఆయన పాడడం మానేసేది భక్తి లేక కాదు, గొంతు చాలక. కీబోర్డు మీద ఒక మీట నొక్కితే దిగే శ్రుతిని దించడానికి మనకు ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో నాకు తెలుసు: ఎక్కువ శ్రుతిలో పాడితేనే మెరుపు కనబడుతుందని మా నమ్మకం.

అందరూ ఒప్పుకున్నారని చెబితే అబద్ధం అవుతుంది. ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒక కీబోర్డు కుర్రాడు లేచి, "మేము ఇంత వాయిస్తేనే కుర్రకారు గుడికి వస్తున్నారు, దీన్ని తగ్గిస్తే వాళ్లు వేరే సంఘాల సభలకు పోతారు" అన్నాడు. అతని మాటలో నిజం ఉంది. మన చుట్టుపక్కల సభల్లో పెద్ద పెద్ద స్పీకర్లు, లైట్లు, చదువుకున్న వాద్యకారులు ఉన్నారు, పిల్లలు అవి చూస్తున్నారు. ఇంకొకటి, ప్రతి మాటా ప్రతి ఒక్కరూ పాడితేనే భాగస్వామ్యమని శ్రీసభ ఎక్కడా అనలేదు. బృందం పాడేదాన్ని మనసు పెట్టి వినడం కూడా పాలుపంచుకోవడమేనని 1967 పత్రమే అంటుంది, బృందాలను శ్రద్ధగా పెంచాలని మహాసభ కోరింది. కాబట్టి సత్ప్రసాదం తరువాత బృందం ఒక మంచి పాటను నాలుగు గొంతులకు నాలుగు వరుసలు కలిపి పాడితే అందులో దోషం లేదు. కాని కుర్రకారు మాట వచ్చినప్పుడు నాకు తోచేది వేరు. వాళ్లను పాటలోకి తీసుకువస్తే నిలుస్తారు గాని, పాట చూడడానికి పిలిస్తే అంతకంటే పెద్ద ప్రదర్శన ఉన్నచోటికి తప్పకుండా పోతారు. ఆ కుర్రాడు ఈ మాటకు సమాధానపడలేదు, భోజనాల దగ్గర పప్పు, వంకాయ కూర మధ్య కూడా వాదన కొనసాగించాడు.

తక్కిన సంగతులు త్వరగా చెప్పేస్తాను. పూజలో ఒకరికొకరు సమాధానం (శాంతి) ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ప్రత్యేకంగా సమాధాన గీతం పాడడం తగదని 2014లో రోము నుంచి లేఖ వచ్చింది, మనవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో వాద్యాలు పాటకు ఆసరాగా మాత్రమే మోగాలి, నాలుగవ ఆదివారానికీ, మహోత్సవాలకూ, పండుగలకూ మినహాయింపు ఉంది. పాటకూ పాటకూ మధ్య ఆ నలభై రోజులూ కీబోర్డు ఊరికే వాయించడం అందుకే కుదరదు. మౌనం కూడా పూజలో భాగమేనని పత్రాలు అంటాయి. ఖాళీ కనబడితే నింపాలని చేతులు దురద పెట్టే మా జాతికి అన్నిటికంటే కష్టమైన నియమం అదే.

సాయంత్రం పూజతో కూడిక ముగిసింది. చుట్టుపక్కల పేటల నుంచి వచ్చిన ఊరి జనం వెనక బెంచీల్లో కూర్చున్నారు, వాళ్లలో ఎవరూ పొద్దుటి తరగతికి రానివాళ్లే. కన్యస్త్రీ కట్టిన మోహన వరుసే భక్తి కీర్తనకు ఎంచుకున్నారు, కీబోర్డు మీద ఆ ఒంగోలు కుర్రాడే కూర్చున్నాడు. పల్లవి మొదటిసారి అందుకోమన్నప్పుడు సన్నగా వినబడింది, రెండోసారికి సగం గుడి పలికింది. మూడో చరణం కాగానే, అలవాటు కొద్దీ అతని వేళ్లు మధ్యలో వాయించే ముక్క వైపు కదిలాయి. రెండు స్వరాలు పలికాయో లేదో, వెనక నుంచి పల్లవి గుప్పున అందుకుంది, అతను వాయించే చోటు కోసం ఎవరూ ఆగలేదు. అతను ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, చేతులు తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. తరువాతి చరణం వాద్యం లేకుండానే సాగింది, ఆ తరువాత వచ్చిన పల్లవిలో అతను కూడా పాడుతున్నాడు.